నిమోనియా అని రాస్తే సరిపోదు, ఏ నిమోనియానో అడగండి



ఈసారి జీతాల గురించి కాదు, టికెట్ల గురించి కాదు. ఆస్పత్రి కాగితం గురించి రాస్తున్నాం. పోస్టు పొడుగుంటది, సెలవు రోజు తీరిగ్గా చదవండి.

చలికాలం వచ్చిందంటే క్యాంపులో సగం గదులు దగ్గుతుంటయి. మాకు హాజరు పట్టీ చూస్తేనే తెలిసిపోతది. చాలామందికి వారంలో తగ్గుతది. ఎవరో ఒకరికి అది ఛాతీలకు దిగుతది. ఎక్స్‌రే తీస్తరు, నిమోనియా అంటరు, నాలుగు రోజులు పడుకోబెట్టి ఒక కాగితం చేతిల పెట్టి పంపిస్తరు. ఆ కాగితం సూపర్‌వైజర్ల దగ్గరికే వస్తది, సెలవు రాసుకొని ఆఫీసుకు పంపేది మేమే గదా. ఏండ్ల తరబడి ఇవి చూసి చూసి ఒక సంగతి పట్టుకున్నం. కాగితం మీద ఒక మూలకు చిన్నగ ఒక ఇంగ్లీషు అక్షరం, దాని పక్కన అంకెలు ఉంటయి. జె18.9 అనో, జె12.9 అనో. మనోళ్లు మందుల పేర్లు చూస్తరు, సెలవు ఎన్ని రోజులో చూస్తరు, దాన్ని మాత్రం ఎవరూ చూడరు. ముందుగాల చూడాల్సింది అదే అని మా మాట.

ఆ అంకె ఏందో ముందు చెప్తం. ప్రపంచంలో ఉన్న రోగాలన్నిటికీ ఒక జాబితా ఉంది. ఐసీడీ అంటరు. మొదట 1893లో మరణ కారణాల జాబితాగా మొదలైంది, 1948 నుంచి ప్రపంచ ఆరోగ్య సంస్థ చూసుకుంటోంది. పదో కూర్పుకు 1990లో ఆమోదం దొరికింది. 2022 నుంచి పదకొండోది అమల్లోకి వచ్చిందన్నరు గానీ ఇక్కడ మన కాగితాల మీద ఇంకా పదోదే నడుస్తోంది. దుబాయ్, అబుధాబీల బిల్లులకు అమెరికా వాళ్లు దిద్దుకున్న పుస్తకం వాడతరు. సౌదీల ఆస్ట్రేలియా వాళ్లది. సిమెంటు బస్తా మీద గ్రేడు ఉన్నట్టు, రాడ్డు మీద సైజు ఉన్నట్టు, రోగానికి ఇది నంబరు. ఇన్సూరెన్సు కంపెనీల కూసున్న మనిషి మన దగ్గు వినడు, మన ఎక్స్‌రే చూడడు. ముందుగాల ఈ నంబరే చూస్తడు.

ఈ నంబర్లు వేసే పని మనకు తెలియనిదేం కాదు. హైదరాబాద్ అమీర్‌పేటల మెడికల్ కోడింగ్ కోచింగ్ బోర్డులు చూడనోళ్లు ఎవరున్నరు? మన బిడ్డలే, డిగ్రీలు చదివినోళ్లు, ఆ కోర్సు నేర్చుకొని, పరీక్ష రాసి, అమెరికా రోగుల కాగితాలు చదివి నంబర్లు వేస్తున్నరు. మా గదిల ఒకాయన కూతురు అదే కొలువు. తండ్రి పంపిన దిర్హాములతో కోచింగ్ ఫీజు కట్టింది. అమెరికాల ఎవరికో నిమోనియా వస్తే అది ఏ వైరస్‌తో వచ్చిందో హైదరాబాద్‌ల ఆ పిల్ల సరి చూస్తది. ఇక్కడ తండ్రి కాగితం మీద ఏం రాసిండ్రో చదివి చెప్పే దిక్కు లేదు. మేం తెల్వని అంకెలు ఫోన్ల ఫొటో తీసి ఆ బిడ్డకే పంపి అడిగేటోళ్లం. ఆమె ఓపికగా చెప్పింది కాబట్టే ఈ పోస్టు రాయగలిగినం.

ఆమె చెప్పిన మొదటి మాట ఇది. కోడ్ వేసేటోళ్లు సొంతంగా రోగం కనిపెట్టరు, కనిపెట్టొద్దు కూడా. డాక్టరు ఏం రాసిండో దానికే నంబరు. డాక్టరు "నిమోనియా" అని ఒక్క మాట రాసి వదిలేస్తే జె18.9 పడుతది. అంటే నిమోనియా ఉంది, ఏ క్రిమితో వచ్చిందో రాయలేదు అని. ల్యాబ్ రిపోర్టుల వైరస్ దొరికినా సరే, డాక్టరు తన రాతల "దీని వల్లనే నిమోనియా" అని కలపకపోతే కోడ్ వేసేటోళ్లు కలపకూడదు. డాక్టరును అడగాలె. అడిగే తీరిక అన్ని చోట్లా ఉంటదా? మీకే తెలుసు.

వైరస్ నిమోనియా అని డాక్టరు రాస్తే జె12 వరుసల పడుతది. అందులో మళ్లీ ఇండ్ల నంబర్ల లెక్క ఉంటది. 12.0 అంటే ఎడినో వైరస్. 12.1 ఆర్‌ఎస్‌వీ, చిన్న పిల్లలకు, ముసలోళ్లకు ఎక్కువ ఇబ్బంది పెట్టేది. 12.2 పారా ఇన్‌ఫ్లుయెంజా. 12.3 హెచ్‌ఎంపీవీ. 2025 జనవరిల టీవీలన్నీ దాని మీద మోత మోగించినయి, ఇంటి నుంచి ఫోన్ల మీద ఫోన్లు వచ్చినయి గదా. అదేం కొత్తది కాదు, 2001లనే కనిపెట్టిండ్రు, పుస్తకంల దానికి ఎప్పుడో ఇల్లు కట్టిపెట్టిండ్రు. ఇక 12.9 అంటే వైరస్సే అని తేలింది గానీ ఏ వైరస్సో రాయలేదు అని. ఫ్లూ జ్వరంతో వచ్చిన నిమోనియా మాత్రం ఈ వరుసల ఉండదు, దానికి జె10, జె11 అని వేరే వాడ ఉంది. పరీక్షల ఫ్లూ దొరికితే జె10, దొరక్కుండా డాక్టరు అంచనాతో రాస్తే జె11.

కరోనా వచ్చినప్పుడు దానికి ఇల్లే లేదు. 2020 మొదట్ల యు07.1 అని నంబరు ఇచ్చిండ్రు. కరోనాతో వచ్చిన నిమోనియాకు అమెరికా పుస్తకంల జె12.82 అని ప్రత్యేక నంబరు 2021 జనవరి 1 నుంచి గానీ రాలేదు. అప్పటిదాకా "ఇతర వైరస్ నిమోనియా" కింద కలిపి రాసుకున్నరు. లోకమంతా ఆగిపోయిన రోగానికే నంబరు సర్దుకునేసరికి ఏడాది పట్టింది.

సరే, నంబరు ఏదైతేంది, మనిషి లేచి తిరుగుతున్నడు గదా అంటరు కొందరు. ఈ మాట మీదే మాకు తగువు.

ముందు గది సంగతి చూడండి. మనం ఒక్కో గదిల ఎనిమిది మంది, పది మంది, ఒకరి మంచం మీద ఇంకొకరి మంచం. కిటికీ మూసి ఏసీ పెట్టుకుంటం. ఒకరికి వచ్చింది ఒకరి దగ్గర ఆగదు. రెండు చలికాలాల కింద మా సైట్ మీద ఒక స్టీల్ ఫిక్సరుకు జరిగింది చెప్తం, ఆస్పత్రి పేరు అవసరం లేదు. జ్వరం, దగ్గు, ఆయాసంతోని పోయిండు. క్లినిక్‌ల దగ్గు, జ్వరం అనే రాసిండ్రు. అమెరికా పుస్తకం రూలు ప్రకారం బయట చూపించుకొని పోయే రోగికి "అనుమానం" అని రాస్తే ఆ రోగానికి కోడ్ వేయకూడదు, లక్షణానికే వేయాలె. ఆ దగ్గు నంబరు మీద సీటీ స్కాన్ అడిగితే ఇన్సూరెన్సు వాళ్లు, దగ్గుకు సీటీ ఎందుకు, అవసరం కనబడలేదు అని తిప్పికొట్టిండ్రు. కౌంటర్ కాడ ఉన్నోళ్లు సొంత డబ్బు కట్టు అన్నరు. జేబుల లేని మనిషి ఏం కడతడు, తిరిగి గదికొచ్చి పండుకున్నడు. రెండు రోజులకు ఎక్కువైతే ఎమర్జెన్సీల చేర్చినం. బయటికొచ్చేటప్పుడు కాగితం మీద జె18.9. కాగితాల కట్టల వెనక ల్యాబ్ రిపోర్టు చూస్తే ఇన్‌ఫ్లుయెంజా ఏ దొరికిందని ఉంది. ముందు పేజీల ఆ మాట లేదు. మనిషికి చెప్పనూ లేదు. అప్పటికి గదిల ఇంకో ముగ్గురు పడుకున్నరు.

ఫ్లూ అని మొదటి రోజే గదికి తెలిస్తే ఏం చేసేటోళ్లం? ఆ మనిషిని వేరే పడుకోబెట్టేటోళ్లం. బీపీ, షుగర్, ఆస్తమా ఉన్నోళ్లను వెంటనే డాక్టరు కాడికి పంపేటోళ్లం. ఫ్లూకు ఇచ్చే ఒసెల్టామివిర్ అనే మందు మొదటి రెండు రోజుల్ల మొదలుపెడితే బాగా పనిచేస్తదని డాక్టర్లు చెప్తరు. ఫ్లూకు ఏటా టీకా కూడా ఉంది. అదే టీబీ అయితే కథ పూర్తిగా వేరు, గదిల అందరూ పరీక్ష చేయించుకోవాలె. బ్యాక్టీరియా అయితే యాంటీబయాటిక్ కావాలె, వైరస్ మీద ఆ యాంటీబయాటిక్ పనిచేయదు. మనోళ్లేమో నిమోనియా అనంగనే ఫార్మసీకి పోయి, పాత చీటీ చూపించి, మిగిలిన గోళీలు పంచుకొని మింగుతరు. పేరు తెలియని రోగానికి మందు కూడా గుడ్డిగనే ఉంటది.

ఇంకోటి, మనం నోరు విప్పి చెప్పే దాని మీద కూడా ఆ నంబరు ఆధారపడి ఉంటది. మనోళ్ల హిందీ "బుఖార్ హై, ఖాసీ హై" కాడ ఆగిపోతది. ఎన్ని రోజుల నుంచి, గదిల ఇంకెవరికి ఉంది, ఊరి నుంచి ఎప్పుడు వచ్చినవ్, ఏం పని చేస్తవ్, ఇవి డాక్టరు అడగడు, మనం చెప్పం. మజ్రాల్లో గొర్లు, ఒంటెల కాడ పని చేసే తమ్ముళ్లు ఇది గట్టిగ గుర్తుపెట్టుకోవాలె. మెర్స్ అనే వైరస్ 2012లో సౌదీల బయటపడింది. ఒంటెల నుంచి మనుషులకు వస్తది, ఛాతీలకు దిగితే ప్రాణం మీదికి తెస్తది. బయటపడ్డ కేసుల్ల రమారమి మూడో వంతు మంది పోయిండ్రని ప్రపంచ ఆరోగ్య సంస్థే చెప్తది. "నేను ఒంటెల కాడ పని చేస్తా" అని ఒక్క మాట చెప్తే డాక్టరు ఆ పరీక్ష రాస్తడు. చెప్పకపోతే ఆయనకు కలొస్తదా? మలయాళీ నర్సమ్మలు చాలా ఆస్పత్రుల్ల ఉంటరు, మన హిందీ ఎట్లున్నా సగం అర్థం చేసుకుంటరు. వాళ్లకు చెప్పండి, డాక్టరు కాడికి చేరుతది.

ఇక ఎక్స్‌రే. వీసా రెన్యువల్ మెడికల్ అంటేనే మనకు గుండెల దడ. ఛాతీల మచ్చ కనబడితే టీబీయేమో అని ఆపుతరు. వైరస్ నిమోనియా చాలామందికి కొన్ని వారాల్ల ఎక్స్‌రేల నుంచి చెరిగిపోతది, కొందరికి జాడ ఉండిపోతది. అట్ల మిగిలిననాడు, ఫలానా నెల ఫలానా వైరస్‌తో నిమోనియా వచ్చింది, తగ్గింది, తర్వాత తీసిన ఎక్స్‌రే ఇది అని చూపించే కాగితం చేతిల ఉన్న మనిషికీ, "అప్పుడేదో దగ్గొచ్చింది సార్" అనే మనిషికీ తేడా లేదంటరా? కాగితం ఉన్నంత మాత్రాన పాస్ చేస్తరని మేం అనం. పోల్చి చూసేందుకు డాక్టరుకు ఒక ఆధారం దొరుకుతది, అంతే.

ఊరి సంగతి కూడా చెప్పాలె. 2021 రెండో వేవ్‌ల మన ఊళ్లల్ల పోయినోళ్ల కాగితాల మీద చాలా చోట్ల నిమోనియా అనో, ఊపిరాడక అనో రాసిండ్రు, కరోనా అని రాయలేదు. తర్వాత కరోనాతో పోయినోళ్ల కుటుంబానికి 50,000 రూపాయలు అన్నప్పుడు ఆ ఒక్క మాట లేక ఎంతమంది ఆఫీసుల చుట్టూ తిరిగిండ్రు! మరణ పత్రంల కరోనా అని లేదన్న ఒక్క సాకుతో డబ్బులు ఆపొద్దని చివరికి అదే ఏడాది అక్టోబర్‌ల సుప్రీంకోర్టు చెప్పాల్సి వచ్చింది. దేశంల పెద్ద కోర్టు దాకా పోయిన పంచాయితీ ఇది. రాసేటప్పుడు ఒక నిమిషం పట్టే పని.

మరి గల్ఫ్‌ల చనిపోతే? చెప్పడానికి బాధగుంది గానీ చెప్పాలె. ఖతార్‌ల పనోళ్ల మరణాల మీద 2021లో ఆమ్నెస్టీ ఇంటర్నేషనల్ ఒక నివేదిక ఇచ్చింది. మంచిగున్న వయసు మనుషుల పత్రాల మీద "సహజ కారణాలు", "గుండె ఆగిపోవడం" అని రాసి, అసలు కారణం తేల్చకుండనే మూసేసిండ్రని అందులో ఉంది. గుండె ఆగకుండ ఎవరైనా పోతరా? అది చావు ఎట్లొచ్చిందో చెప్పే మాట, ఎందుకొచ్చిందో చెప్పే మాట కాదు. మరణ పత్రంల గుండె ఆగిందని రాసి వదలొద్దు, దాని వెనక ఉన్న రోగం రాయాలె అని ప్రపంచ ఆరోగ్య సంస్థ డాక్టర్లకు చెప్తనే ఉంది. వారం రోజులు జ్వరంతోని డ్యూటీకి వచ్చిన మనిషి రాత్రి మంచం మీదనే పోతే, అది నిమోనియానా, ఎండ దెబ్బనా, గుండెనా అని అడిగే హక్కు ఊర్ల ఉన్న ఆడబిడ్డకు ఉంది. డబ్బుల సంగతి వేరు. ప్రవాసీ భారతీయ బీమా యోజన కింద 10 లక్షలు ప్రమాదంల పోతేనే, రోగంతో పోతే రావు. తెలంగాణ ప్రభుత్వం గల్ఫ్‌ల పోయినోళ్ల కుటుంబానికి 5 లక్షలు ఇస్తమని 2024లో ఉత్తర్వు ఇచ్చింది, దానికి కూడా పత్రాలు సరిగ్గుండాలె. కానీ డబ్బులు వచ్చినా రాకున్నా, పిల్లలు పెద్దగయినంక "నాయిన ఎట్ల పోయిండు" అంటే చెప్పడానికి ఒక మాట కావాలె.

దీనికి ఎదురు చెప్పేటోళ్లు ఉన్నరు, వాళ్ల మాటల్ల నిజం లేకపోలేదు. డాక్టర్లు అంటరు, ఎన్ని పరీక్షలు చేసినా చాలామంది నిమోనియాల ఏ క్రిమి ఉందో దొరకదు, అందుకే 18.9 రాస్తం అని. నిజమే. దొరకని దానికి మేం గొడవ పెట్టం. దొరికి, రిపోర్టుల ఉండి, రాయకపోవడం మీదనే మా గొడవ. మనోళ్లల్ల కొందరి భయం ఇంకోటి. రోగం పేరు స్పష్టంగా రాస్తే కంపెనీ ఇంటికి పంపుతదేమో అని. ఈ భయాన్ని మేం నవ్వి కొట్టిపారేయం, అట్ల పంపినోళ్లను చూసినం. కానీ సెలవు చీటీ వేరు, డిశ్చార్జ్ కాగితం వేరు. సెలవు చీటీల ఎన్ని రోజులు రెస్టో ఉంటే ఆఫీసుకు చాలు. పూర్తి వివరం ఉన్న డిశ్చార్జ్ సమ్మరీ మీది, మీ దగ్గర ఉంచుకోండి. రోగం ఏందో అందరికన్నా ముందు మీకు తెలియాలె. ఇన్సూరెన్సుకు తెలిసి, ఆస్పత్రి కంప్యూటర్‌కు తెలిసి, మీకు తెలియకపోవడం ఏం న్యాయం?

సెలవు మాట వచ్చింది కాబట్టి ఇదీ చెప్తం. యూఏఈ చట్టంల ప్రొబేషన్ అయిపోయినోళ్లకు ఏడాదికి 90 రోజులు సిక్ లీవు ఉంది. మొదటి 15 రోజులు పూర్తి జీతం, తర్వాత 30 రోజులు సగం, మిగిలిన 45 జీతం లేకుండ. మూడు పని దినాల్లోపల కంపెనీకి చెప్పి, డాక్టరు రిపోర్టు ఇయ్యాలె. సౌదీల మొదటి 30 రోజులు పూర్తి, తర్వాత 60 రోజులు ముప్పావు జీతం, ఇంకో 30 జీతం లేకుండ. నిమోనియా తగ్గినంక కూడా కొన్ని వారాలు ఒంట్ల సత్తువ ఉండదు. రెండు రోజుల చీటీ తెచ్చుకొని మూడో రోజు స్కాఫోల్డింగ్ ఎక్కి కళ్లు తిరిగినోళ్లను కిందికి దించింది మేమే. తోటి సూపర్‌వైజర్లకు కూడా చెప్తున్నం, చీటీల రెండు రోజులే ఉన్నా ముఖం చూసి పని ఇయ్యండి. పైకెక్కియ్యకండి. కింద రాడ్లు లెక్కపెట్టే పని ఎప్పుడూ ఉంటది.

ఇన్సూరెన్సు కార్డు గురించి ఒక ముక్క. దుబాయ్‌ల 2013 చట్టం ప్రకారం పనోడి ఇన్సూరెన్సు ప్రీమియం కంపెనీయే కట్టాలె, జీతంల కోయొద్దు. కార్డు మీ జేబుల ఉండాలె, ఆఫీసు సొరుగుల కాదు. క్లెయిమ్ తిప్పికొడితే ఊరుకోకండి, ఎందుకు కొట్టిండ్రో రాసియ్యమనండి. చాలాసార్లు కోడ్ ఒకటి, చేసిన పరీక్ష ఒకటి అయితదంతే. డాక్టరు అసలు రోగం రాసి మళ్లీ పంపితే పాస్ అయినవి మేం చూసినం. పైన చెప్పిన స్టీల్ ఫిక్సర్ సీటీ డబ్బులు అట్లనే బయటపడ్డయి, రెండు నెలలు తిరిగినంక.

ఆస్పత్రి నుంచి బయటికొచ్చే ముందు ఏం అడగాలో మా సైట్ మీద అందరికీ నోటికి నేర్పిస్తున్నం. "డాక్టర్ సాబ్, కౌన్‌సా నిమోనియా? వైరస్ హై? కౌన్‌సా వైరస్? కాగజ్ మే లిఖ్ దో. రూమ్ వాలోంకో ఖత్రా హై క్యా?" ఇంతే. హిందీ తప్పులున్నా పర్వాలేదు, ఎవరూ నవ్వరు. డిశ్చార్జ్ సమ్మరీ, ల్యాబ్ రిపోర్టు, ఎక్స్‌రే మూడూ అడిగి తీసుకోండి. ఫొటోలు తీసి ఇంటికి వాట్సాప్ చేయండి, ఫోన్ పోయినా అక్కడ ఉంటయి. కాగితం మీద జె18.9 ఉండి, వెనక రిపోర్టుల వైరస్ పేరు ఉంటే, కౌంటర్ కాడనే ఆగి, మళ్లీ డాక్టరు కాడికి పంపియ్యమనండి. దుబాయ్‌ల చదివి చెప్పేటోళ్లు దొరక్కపోతే కాన్సులేట్ కింద ప్రవాసీ భారతీయ సహాయతా కేంద్రం ఉంది, దారి అడగొచ్చు. ఊర్ల కోడింగ్ చేసే బిడ్డలు, కొడుకులు ఉన్నోళ్లు వాళ్లకు పంపండి. వాళ్లు రోగం తగ్గించలేరు గానీ కాగితంల ఏముందో తెలుగుల చెప్తరు.

ఒమన్, బహ్రెయిన్, కువైట్‌ల ఉన్న అన్నలు అక్కడ డిశ్చార్జ్ కాగితం అడిగితే ఇస్తున్నరా, ఎన్ని రోజులకు ఇస్తున్నరు, పైసలు అడుగుతున్నరా, కింద రాయండి. వచ్చే నెల నుంచి దగ్గుల కాలం మొదలైతది, అప్పటికి అన్ని దేశాలవీ కలిపి ఒక్క కాడ పెడదాం.